అల్లుడి రేటింగ్

తొంభైల చివర్లో చోడవరం మొత్తానికి గొప్ప చదరంగం ఆటగాణ్ణి నేనే. ఇది సొంత డబ్బా కాదు, లెక్కలు తేల్చిన విషయం. మా ఆవిడ అన్నగారి ఎరువుల దుకాణంలో యూరియా, డీఏపీ ధరలు రాసే నల్లబోర్డు ఒకటి ఉండేది. ఆ ధరల కింద సుద్దముక్కతో నలుగురి నంబర్లు రాసి ఉండేవి. అన్నిటికంటే పైనున్నది నాది. మిగతా ముగ్గురూ ఎంత కింద ఉండేవారంటే, చీడికాడ నుంచి వచ్చిన రైతొకాయన ఒకసారి బోర్డు చూసి, "పైదానికి అంత రేటేటి బాబూ, అందులో ఏటి కలుపుతారు?" అని అడిగాడు.

ఊళ్లో ఇంకెక్కడైనా ఎవరైనా చదరంగం ఆడేవారేమో నాకు తెలియదు. కనుక్కోలేదు కూడా. మా లెక్కలో చోడవరమంటే ఆ దుకాణమే.

మాది నర్సీపట్నం వైపు. పెళ్లయిన కొత్తలో నాకు చోడవరంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. అత్తవారిల్లు ఊళ్లో ఉండగా వేరే ఇల్లు అద్దెకు తీసుకుంటే పరువు తక్కువని మా అత్తగారు, తీసుకోకపోతే పరువు తక్కువని మా అమ్మ. అత్తగారు దగ్గర్లో ఉన్నారు కాబట్టి ఆవిడ మాట నెగ్గింది. నేను ఇల్లరికం వెళ్లలేదు, వాళ్ల మేడ మీద గదిలో ఉన్నాను, అంతే. ఈ తేడా నాకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలిసినట్టు లేదు.

మంచం వాళ్లది, ఫ్యాను వాళ్లది, బియ్యం వాళ్ల పొలంలోవి. స్నానానికి తోడుకునే చెంబు మీద కూడా మా మావయ్య పేరు చెక్కి ఉండేది. భోజనానికి కూర్చుంటే మొదటి ముద్ద నేను తినేదాకా ఎవరూ చెయ్యి కలిపేవారు కాదు. బయటివాళ్లకి ఇది మర్యాదలా కనిపిస్తుంది. రోజూ జరిగితే మాత్రం ఆస్పత్రిలో ఉన్నట్టుంటుంది. ఆ ఇంట్లో నాకు ఎవరూ పెట్టనిది, నా అంతట నేను సంపాదించుకున్నది ఒక్కటైనా ఉండాలని చాలా కోరికగా ఉండేది. చదరంగంలో అది దొరికింది.

ఇంటి ముందుభాగంలోనే ఉన్న ఆ దుకాణంలో నేను కాక ఆడేవాళ్లు ముగ్గురే. మా మావయ్య చెరుకు రైతు, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి తోలేవారు. పొలం నుంచి రాగానే కాళ్లు కడుక్కుని దుకాణంలో వేపపిండి బస్తాల మీద కూర్చునేవారు. దుకాణం మా ఆవిడ అన్నది కాబట్టి మా బావగారు ఎలాగూ అక్కడే ఉండేవారు. మూడో ఆయన పక్కింటి డ్రాయింగు మేస్టారు. రిటైరయ్యాక ఆయనకి ఆట తప్ప వేరే వ్యాపకం లేదు.

మావయ్యతో నా మొదటి ఆట బాగా గుర్తుంది. మంచి పోటీ మీద ఉండగా ఆయన గడ్డం పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. తినడానికి బెల్లం పేలం తీసుకొచ్చిన మనిషి గిన్నె పెట్టి వెళ్లిపోయేంతసేపు ఆలోచించారు. చివరికి తన మంత్రిని తీసుకెళ్లి సరిగ్గా నా గుర్రానికి అందేచోట పెట్టారు. నేను తీసేసుకున్నాను. ఆయన నుదురు కొట్టుకుని, "అల్లుడుగారు మామూలోరు కాదు. ఎరేసి లాగేరు," అన్నారు. నేను ఎరేమీ వెయ్యలేదు. కానీ ఆయన అన్నాక, వేశానేమో అనిపించింది. బావగారూ అలాగే ఓడారు. మేస్టారు ఇంకా తొందరగా ఓడారు. ఇంతకాలం నాలో ఉన్న శక్తి నాకే తెలియలేదని అర్థమైంది.

రేటింగ్ సంగతి మాకు విశాఖపట్నం నుంచి వచ్చింది. మా సెంటర్‌లో కంప్యూటర్లుండేవి గానీ ఇంటర్నెట్ ఉండేది కాదు. ఉన్నట్టే పాఠం మాత్రం చెప్పేవాళ్లం. ఒక ఆదివారం విశాఖ వెళ్లినప్పుడు అక్కడి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, ప్రపంచంలో ఎవరితోనైనా చదరంగం ఆడుకోవచ్చనే సైటు ఒకటి తెరిచాను. బోర్డు బొమ్మ రావడానికి చాలాసేపు పట్టింది. అది వచ్చేలోపు దాని నియమాలన్నీ చదివేశాను. బొమ్మ సగం వచ్చేసరికి నా గంట అయిపోయింది. ఆ రోజు ఆట ఆడలేదు గానీ రేటింగ్ లెక్క పూర్తిగా ఒంటబట్టింది.

చోడవరం రాగానే ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. ప్రతి ఆటగాడికీ ఒక నంబరు ఉంటుంది. ఇద్దరు ఆడబోయే ముందు వాళ్ల నంబర్ల మధ్య తేడా చూసి, ఎవరు గెలుస్తారో లెక్క ముందే ఒక అంచనా వేసుకుంటుంది. తేడా నాలుగు వందలుంటే, పదింట తొమ్మిది ఆటలు పెద్ద నంబరువాడివేనని దాని నమ్మకం. అనుకున్నట్టే పెద్దవాడు గెలిస్తే రెండో మూడో పాయింట్లు ఇచ్చి ఊరుకుంటుంది. చిన్నవాడు గెలిచాడంటే, అంచనా తప్పిందని ఒప్పుకుని బాగా ముట్టజెబుతుంది. అయితే ఎక్కణ్ణుంచో తెచ్చి ఇవ్వదు. గెలిచినవాడికి ఎంత వచ్చిందో, ఓడినవాడికి అంతే పోతుంది.

మావయ్య శ్రద్ధగా విన్నారు. "కాలవ నీల్లలాగన్నమాట. నా మడిలోకి ఒచ్చిందంటే నీ మడిలోంచి ఒచ్చిందే," అన్నారు.

అంతకంటే బాగా నేనూ చెప్పలేను. అందరం పన్నెండు వందల దగ్గర మొదలుపెట్టాం. లెక్క కట్టడానికి సెంటర్‌లో ఒక ప్రోగ్రాం రాశాను. దాన్నే విద్యార్థులకి పాఠంగా కూడా చెప్పేశాను. కాబట్టి ఆ ఏడాది చోడవరంలో కంప్యూటర్ నేర్చుకున్న ప్రతివాడికీ నేనెంత గొప్ప ఆటగాణ్ణో తెలుసు.

బోర్డు మీద ఒక చిత్రం జరిగింది. మేస్టారూ బావగారూ మావయ్య చేతిలో చిత్తుగా ఓడేవారు. వాళ్ల పాయింట్లు మావయ్యకి చేరేవి. మావయ్య నా చేతిలో ఓడేవారు. ఆ పాయింట్లు నాకు చేరేవి. ఊరి నీళ్లన్నీ ఆయన మడి మీదుగా నా మడిలోకి పారుతున్నాయి. మావయ్య వాళ్లతో ఆడేటప్పుడు ఆలోచించేవారే కాదు. ఒక చేత్తో చుట్ట వెలిగించుకుంటూ రెండో చేత్తో ఆట కట్టేసేవారు. నాతో ఆడేటప్పుడు మాత్రం తెగ ఆలోచించేవారు. దీన్నిబట్టి నేను ఆయన్ని ఎంత ఇబ్బంది పెడుతున్నానో తెలుస్తుంది కదా అనుకునేవాణ్ణి. నమ్మేటట్టు ఓడిపోవడానికి గెలవడం కంటే ఎక్కువ ఆలోచన కావాలని నాకు అప్పుడు తట్టలేదు.

నా నంబరు పదహారు వందలు దాటింది. రాత్రి పడుకోబోయే ముందు మా ఆవిడకి చెబితే, "మంచిది," అని అటు తిరిగి పడుకునేది. ఆవిడకి ఆటలంటే ఆసక్తి లేదనుకున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట గెలిచాను కదా, రచ్చ గెలవడానికి మళ్లీ విశాఖ ఇంటర్నెట్ సెంటర్‌కి బయలుదేరాను.

ఆ సైటులో కొత్తగా చేరినవాడి నంబరు పక్కన ఒక ప్రశ్న గుర్తు పెడతారు. వీడి సంగతి మాకింకా తెలియదని దాని అర్థం. తెలియదు కాబట్టి మొదట్లో ఒక్కో ఆటకీ నంబరు చాలా ఊగుతుంది. ఆడేకొద్దీ ఊగడం తగ్గి, ఒకచోట కుదురుకుంటుంది. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. తొందరగా పైకి వెళ్లిపోవచ్చు కదా అనుకున్నాను. ఊగేది కిందికి కూడా ఊగుతుందని రాసి ఉంది గానీ అది నాకు సంబంధించిన వాక్యంలా అనిపించలేదు.

మొదటి ఆట ఓడిపోయాను. మౌసుతో ఆడడం అలవాటు లేక. రెండోది కూడా పోయింది. అది లైను నెమ్మదిగా ఉండి. మూడోదానికి కారణం వెతుకుతుండగానే నాలుగోది అయిపోయింది. అవతలివాడు ఎవడో తెలియదు, ఏ దేశమో తెలియదు. నేను ఎవరి అల్లుణ్ణో వాడికీ తెలియదు. వాడి మంత్రి నా గుర్రానికి అందేచోటికి వస్తుందేమోనని చాలాసేపు ఎదురుచూశాను. రాలేదు. నా మంత్రే పోయింది.

వరసగా కొన్ని ఆదివారాలు వెళ్లాను. నంబరు దిగి, దిగి, ఒకచోట ఆగింది. ప్రశ్న గుర్తు పోయింది. అంటే నా సంగతి వాళ్లకి తెలిసిపోయింది. తొమ్మిది వందల ఎనభై దగ్గర.

బస్సులో అనకాపల్లి దాకా గుండె బరువుగా ఉంది. అనకాపల్లి దాటాక నియమాల్లో చదివిన ఇంకో ముక్క గుర్తొచ్చి తేలికపడింది. ఒకచోటి నంబర్లని ఇంకోచోటి నంబర్లతో పోల్చకూడదు. నంబరు ఒకచోట ఆడేవాళ్లలో ఒకరికీ ఇంకొకరికీ తేడా ఎంతో చెబుతుంది తప్ప, దానికి విడిగా విలువ లేదు. కాబట్టి చోడవరం పదహారు వందలు వేరు, ప్రపంచం తొమ్మిది వందల ఎనభై వేరు. చోడవరంలో నాకంటే బాగా తక్కువవాళ్లు ప్రపంచానికి వెళితే ఇంకెంత కిందికి పోతారో పాపం అని జాలి కూడా వేసింది. తేల్చుకోవాలంటే వాళ్లలో ఒకరిని తీసుకెళ్లాలి.

మావయ్య నీటి మోటారు సామాను కొనడానికి విశాఖ వస్తానన్నారు. పని అయ్యాక ఇంటర్నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఆయనకి వేరే ఖాతా తెరిచాను. ఆయన చెబుతుంటే నేను మౌసుతో జరపాలి. అవతల ఎవరో దొరికారు.

"ఈయన ఏ ఊరు?" అన్నారు మావయ్య.

"తెలీదు మావయ్యా."

"ఎవరి తాలూకా?"

"మనవాళ్లెవరి తాలూకా కాడు. బయటి దేశం."

"మనకి సుట్టం కాడు కదా?"

"కాడు."

"అయితే మొగమాటం లేదన్నమాట," అని కుర్చీ ముందుకు లాక్కున్నారు.

తర్వాత నేను చూసినదాన్ని మర్చిపోవడం కష్టం. ఆయన గడ్డం పట్టుకోలేదు. ఆలోచించలేదు. "ఆ ఒంటెని అటు. ఏనుగుని లాగు. ఆ, పట్టీసుకో," అంటూ పోయారు. నా చెయ్యి ఆయన మాటని అందుకోలేకపోయింది. అవతలివాడు మధ్యలోనే ఆట వదిలేసి పోయాడు. ఇంకొకడొచ్చాడు, వాడి నంబరు నాకంటే చాలా పెద్దది. వాడూ ఓడాడు. ప్రతి ఆటకీ మావయ్య నంబరు ఎగిరి కూర్చుంటోంది. తేడా నాలుగు వందలుంటే పదింట తొమ్మిది పెద్ద నంబరువాడివని నేనే చెప్పాను. ఒక్క పూటలో మావయ్యకీ నాకూ మధ్య తేడా దానికంటే ఎక్కువైపోయింది, నా నంబరుకి పైవైపున.

అప్పుడు ఆయనకి సంగతి తట్టింది. నా మొహం చూసి, తెర చూసి, "ఈల్లకి ఆట రాదు బాబూ. మీ ముందు ఆగలేరు," అన్నారు. ఆయన మాటలో ఏ లోపమూ లేదు. నేను ఈళ్లలో చాలామంది చేతిలో ఓడిపోయి ఉన్నాను, అంతే.

ఇంటికొచ్చి మా ఆవిణ్ణి నిలదీశాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ తాపీగా చెప్పింది. "ఊరందరికీ తెలుసు. మా నాన్న ఈ చుట్టుపక్కల ఎవురిసేతా ఓడలేదు. మా అక్క పెళ్లయినప్పుడు పెద్దబావ కూడా ఇలాగే చాంపియను. ఆయన ఇశాపట్నంలో ఫ్యాక్టరీ పోటీలకి పేరిచ్చేసేరు."

"ఏమైంది?"

"ఇప్పుడు మా ఇంటికొస్తే చదరంగం ఊసెత్తరు. పేకాడతారు."

"పేకాటలో?"

"అందులోనూ ఆయనే గెలుస్తారు."

నాకు ఒళ్లు మండిపోయింది. రేటింగ్ లెక్క కనిపెట్టినవాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా, ఆడే ఇద్దరూ గెలవాలనే ఆడతారని నమ్మారు. వాళ్లెవరూ అత్తవారింట్లో ఉన్నట్టు లేదు. ఆ ఇంట్లో నా కష్టార్జితం ఇదొక్కటీ అనుకున్నానే, అదీ పళ్లెంలో పెట్టి ఇచ్చిందే. మంచం, ఫ్యాను, చెంబు, పదహారు వందలు. ఆ రోజు పడ్డ అవమానం చిన్నది కాదు, ఇప్పుడు నవ్వొస్తున్నా.

మర్నాడు దుకాణంలో అందరి ముందూ చెప్పేశాను. "మావయ్యా, నాతో నిజంగా ఆడండి. నన్ను ఓడించండి."

మేస్టారు బంట్లని డబ్బాలో సర్దడం మొదలుపెట్టారు. మావయ్య నా వైపు చూడకుండా, "అల్లుణ్ణి ఓడించి కూకోబెట్టేడంటే ఊరేటంటాది బాబూ? మీరు ఏటైనా మనసులో పెట్టుకున్నారేటి?" అన్నారు.

సాయంత్రానికి ఇంట్లో తేలిందేమిటంటే, అల్లుడుగారు అలిగారు. అలకకి ఒక పద్ధతి ఉంటుంది. అల్లుడు అలిగితే ఏదో అడుగుతాడు, మావగారు కాసేపు బేరమాడి ఇస్తారు. ఉంగరం అడగొచ్చు, స్కూటరు అడగొచ్చు. ఓటమి అడిగినవాడు ఆ చుట్టుపక్కల లేడు కాబట్టి, నేను పైకి అది చెప్పి లోపల స్కూటరు అనుకుంటున్నానని వాళ్లు నిర్ధారించుకున్నారు. అత్తగారు పాకం గారెలు చేసి పైకి పంపారు. బావగారు వచ్చి ఏ రంగు స్కూటరైతే బాగుంటుందో మాటల్లో మాటగా అడిగారు. నాకు స్కూటరు వద్దు, ఓడిపోవాలి అన్నాను. ఆయన కిందికి వెళ్లి, "బాగా కోపం మీదున్నారు," అని చెప్పారు. గారెలు మాత్రం తినేశాను. అల్లుడు దశమగ్రహమని ఊరికే అన్నారా.

తర్వాత చాన్నాళ్లు నేను ఆటకి కూర్చోలేదు. బోర్డు మీద నా నంబరు అలాగే ఉండిపోయింది. ఆడనివాడికి ఏమీ పోదు, అదొక సుఖం. సాయంత్రాలు మేడ మీదే గడిపేవాణ్ణి. కింద దుకాణంలో వాళ్ల అరుపులు వినిపించేవి. "ఓరి నీ తెలివి తగలెయ్యా, ఏనుగుని ఒదిలీసేవేట్రా!" అని మావయ్య కొడుకుని తిట్టేవారు. మేస్టార్ని కూడా తిట్టేవారు. మేస్టారు తిరిగి తిట్టేవారు. నన్ను ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ తిట్లు వింటుంటే నాకు అసూయగా ఉండేది. నిజంగా అసూయే, ఇంకో పేరు లేదు.

ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలైంది. ఫ్యాక్టరీ నుంచి మావయ్యకి చెరుకు కొట్టమని కటింగ్ ఆర్డరు వచ్చింది. అందులో రాసిన రోజుకి లోడు తోలకపోతే మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. తీరా చూస్తే కూలీలు సగం మందే వచ్చారు. అందరి చేతినిండా అదే పని. బావగారు దుకాణానికి తాళం వేసి పొలానికి పోయారు. మా సెంటర్‌కి ఆ రోజు కరెంటు లేదు. నేనూ వెళ్లాను.

మావయ్య నన్ను చూసి కంగారుపడి, గట్టు మీద కూర్చోమన్నారు. కూర్చోలేదు. కొట్టిన చెరుకుని మోపులు కట్టడం మొదలుపెట్టాను. చెరుకాకు చేతుల నిండా గీరేసింది. అయినా చాలా మోపులే కట్టాను. మధ్యాహ్నం ట్రాక్టరు వచ్చాక, మావయ్య ఒక మోపుని నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేశారో లేదో, అది ఊడిపోయి చెరుకంతా ఆయన కాళ్ల మీద పడింది. ఇంకోటి ఎత్తితే అదీ ఊడింది. ఆయన అప్పటికే ఎండకి, ఆలస్యానికి మండిపోయి ఉన్నారు.

"ఒరే! ఎవడ్రా ఇది కట్టింది! కట్టంటే ఇలాగేట్రా? ఏటి సదూకున్నావురా నువ్వు?"

నా మొహం మీదే అన్నారు. కొడవళ్లు ఆగిపోయాయి. బావగారు చెరుకు మోపు నెత్తిన పెట్టుకునే నిలబడిపోయారు. మావయ్య నాలిక్కరుచుకుని, "బాబూ..." అన్నారు.

ఆ బాబూకి నేను ఆగదలుచుకోలేదు. "ఎలాగ కట్టాలో సెప్పండి మావయ్యా," అన్నాను.

ఆయన ఒక క్షణం నన్ను చూశారు. తర్వాత వంగి, చెరుకు కొసనుండే మొవ్వాకుని మెలిపెట్టి, మోకాలితో మోపుని నొక్కి, ముడి ఎలా వెయ్యాలో చూపించారు. నేను వేశాను. "ఇంకా బిగించు," అన్నారు. బిగించాను. "అదీ. ఇప్పుడు మిగతాయన్నీ ఇప్పి మల్లీ కట్టు," అన్నారు. కట్టండి అనలేదు. అవన్నీ విప్పి మళ్లీ కట్టాను.

పొద్దువాలేసరికి లోడు వెళ్లిపోయింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, పిలవకుండానే దుకాణంలోకి వెళ్లి మావయ్య ఎదురుగా బస్తా మీద కూర్చున్నాను. చేతులు మండుతున్నాయి. ఆయన పావులు పేర్చారు. నేను ఆయన గడ్డం కేసి చూస్తూ కూర్చున్నాను. ఆయన గడ్డం పట్టుకోలేదు. చుట్ట వెలిగించుకుంటూ, రెండో చేత్తో నా మంత్రిని తీసి బస్తా పక్కన పడేశారు. కాసేపటికి, "ఆటకట్టు. మల్లీ ఎట్టు," అన్నారు.

మళ్లీ పెట్టాను. మళ్లీ ఓడాను. నా లెక్క ప్రకారం అవి రెండూ ఊళ్లో ఎన్నడూ జరగని సంచలనాలు. మేస్టారు నా మొహమే చూస్తున్నారు, నేను అలిగి లేచి వెళ్లిపోతానేమోనని. నాకు మాత్రం పెళ్లయ్యాక ఆ ఊళ్లో అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

మూడో ఆట నడుస్తుండగా వడ్డాది నుంచి వచ్చిన బెల్లం వ్యాపారి ఒకాయన దుకాణంలోకి తొంగిచూశాడు. మావయ్యకి పాత స్నేహితుడట. కాసేపు ఆట చూసి, నా వైపు గడ్డం ఎగరేసి, "ఈ బాబు ఎవురు?" అని అడిగాడు.

మావయ్య బోర్డు మీంచి తలెత్తలేదు. "మావోడే. ఆట రాదు ఈడికి. నేర్పుతన్నాను," అన్నారు.

అల్లుడని చెప్పలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఏనుగుని జరిపాను. అదీ తప్పేనట.